మహాబలిపురంలో సైకిళ్లకు సెలవు

చెన్నై నుంచి పుదుచ్చేరికి ఈసీఆర్ (తీరం వెంట పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద దాదాపు 150 కిలోమీటర్లు. జనవరిలో ఈశాన్యపు గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి సైకిళ్ల మీద పోవడం హాయిగా పోయాం. తిరిగొచ్చేటప్పుడు అదే గాలి ఎదురైంది. మరక్కాణం ఉప్పు మళ్ల దగ్గర తలదాచుకోను నీడ లేదు. మహాబలిపురం చేరేసరికి మా పన్నెండు మందిలో సగం మందికి పిక్కలు పట్టేశాయి. ఇంటికి మిగిలిన 55 కిలోమీటర్లు తొక్కే ముందు ఇక్కడ ఒక రోజు ఆగాలని బాబాయి మొదటే పట్టుబట్టారు, ఆ మాట విన్నందుకు ఇప్పటికీ సంతోషంగా ఉంది.

మేమంతా ఏళ్లుగా చెన్నైలో ఉంటున్న తెలుగువాళ్లమే. ఊరి నుంచి చుట్టాలొస్తే కారులో తెచ్చి, రెండు గంటల్లో చూపించి తీసుకుపోయే చోటు ఇది. రోజంతా ఇచ్చి చూడటం ఇదే మొదటిసారి.

ముందు బస సంగతి. సైకిళ్లు లోపల పెట్టుకోనిస్తామని లాడ్జి వాళ్లు ఫోన్‌లో ఒప్పుకున్నారు, దిగాక కుదరదన్నారు. రాత్రంతా పెరట్లోనే ఉన్నాయి. సముద్రపు తేమకి తెల్లారేసరికి చైన్ల మీద ఎర్రగా తుప్పు పొర కనిపించింది. గట్టిగా అడిగితే రెండో రాత్రికి మెట్ల కింద చోటిచ్చారు. గదులు మాత్రం శుభ్రంగా ఉన్నాయి, నీళ్లకు ఇబ్బంది రాలేదు. సైకిళ్లతో వెళ్లేవాళ్లు వాటిని పెట్టే చోటు ఫోటో ముందే తెప్పించుకోండి. చైన్ నూనె సీసా వెంట వచ్చే సామాన్ల వ్యాన్‌లో కాకుండా మీ సంచిలోనే ఉంచుకోండి.

పొద్దున ఆరింటికి గేటు తీయగానే తీర దేవాలయానికి నడిచి వెళ్లాం. టికెట్ 40 రూపాయలు. అదే టికెట్‌తో ఆ రోజు పంచ రథాలు (బండలను గుళ్లలా చెక్కిన ఐదు కట్టడాలు) కూడా చూడొచ్చు, పారేయకండి. రాజసింహ పల్లవుడు ఎనిమిదో శతాబ్దం మొదట్లో కట్టించిన గుడి ఇది. శివుడికి రెండు గుళ్లు, వాటి మధ్య పడుకున్న విష్ణువు. ఉప్పుగాలికి గోడల మీది బొమ్మల ముఖాలు అరిగిపోయాయి. సూర్యుడు పైకి వస్తున్న ఆ పది నిమిషాలు మాత్రం ఏటవాలు వెలుగుకి అరిగిన గీతలు కూడా తేలి కనిపించాయి. తొమ్మిదింటికి బస్సులు దిగాక ఆ గీతలూ కనపడవు, నిలబడే చోటూ ఉండదు.

ఇడ్లీ, పొంగల్ తిని పంచ రథాలకు వెళ్లాం. గైడ్ 800 అడిగి 600కి ఒప్పుకున్నారు. పెద్దవయసాయన, తెలుగు బాగానే మాట్లాడారు. ప్రతి రూపాయికీ విలువ దక్కింది. పేర్లు పాండవులవే అయినా వాటికీ భారతానికీ సంబంధం లేదనీ, ద్రౌపది రథంలో ఉన్నది దుర్గమ్మనీ చెప్పారు. తర్వాత మమ్మల్ని నకుల సహదేవ రథం వెనక నిలబెట్టారు. దాని కప్పు వెనక భాగం ఏనుగు వీపులా గుండ్రంగా ఉంటుంది, పక్కనే రాతి ఏనుగు. ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని చూడండి అన్నారంతే. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు ఆ ఏనుగు పక్కన ఫోటో దిగానో, ఆ పోలిక ఒక్కసారీ గమనించలేదు.

ఇంకోటి కూడా అప్పుడే అర్థమైంది. ధర్మరాజ రథం పై అంతస్తుల్లో చెక్కడం ఎంతో నాజూగ్గా ఉంది, కింది అంతస్తులో చాలా భాగం ఇంకా మొరటు రాయే. ఒకే బండని పైనుంచి కిందికి చెక్కుతూ వచ్చారు కాబట్టి పని ఎక్కడ ఆగిందో అక్కడ అలాగే ఉండిపోయింది. ఆ ఉలి గుర్తుల మీద చెయ్యి ఆనించాలనిపించింది కానీ ఆనించలేదు, మీరూ ఆనించకండి.

మధ్యాహ్నం ఒత్తవాడై వీధిలో చేపల భోజనం చేశాం. చేప తాజాగా ఉంది, రేటు మాత్రం ఎక్కువే. తర్వాత నిద్ర. అలసిన ఒంటితో మిట్టమధ్యాహ్నం బండల మీద తిరగడం తప్పు, ఇద్దరు వినకుండా వెళ్లి తలనొప్పితో వచ్చారు.

నాలుగింటికి అర్జున తపస్సు అనే పెద్ద రాతి శిల్పం దగ్గర కూర్చున్నాం. భగీరథుడి తపస్సనీ అంటారు. రెండు బండలు, మధ్యలో చీలిక, ఆ చీలికలో నాగులు. ఒకప్పుడు పైనున్న తొట్టి నుంచి అందులోకి నీళ్లు వదిలేవారని చెబుతారు. ఏనుగుల దగ్గర ఒక పిల్లి వెనక కాళ్ల మీద నిలబడి, చేతులెత్తి తపస్సు చేస్తోంది. కాళ్ల దగ్గర ఎలుకలు భక్తిగా చేరాయి. మనం కొంగ జపం అంటామే, అచ్చం అదే. వరాహ గుహలో సింహాలు మోస్తున్న స్తంభాలు చూసి బాబాయి ఆగిపోయారు. ఆయనది ఉదయగిరి వైపు, చిన్నప్పుడు నడిచి వెళ్లిన భైరవకోన గుహాలయాలు గుర్తొచ్చాయట. కృష్ణుడి వెన్నముద్ద అనే గుండ్రటి పెద్ద బండ దగ్గర సెల్ఫీల వరస చూసి మేం ఆగలేదు.

సాళువన్‌కుప్పం పులి గుహని కావాలనే మర్నాటికి ఉంచుకున్నాం. ఊరికి ఐదు కిలోమీటర్లు ఉత్తరాన, ఇంటికి పోయే దారిలోనే ఉంది. గుహ చుట్టూ యాళి (సింహంలాంటి కల్పిత జంతువు) తలలు. ఆ దగ్గరే 2004 సునామీ తర్వాత శాసనం బయటపడి, 2005లో తవ్విన సుబ్రహ్మణ్య ఆలయం పునాదులున్నాయి. పల్లవుల రాతికట్టు కింద ఇంకా పాత ఇటుకల గుడి. దారంతా ఇసుక, మా సైకిళ్ల సన్న చక్రాలు దిగబడతాయి. సైకిళ్లు వ్యాన్ దగ్గర ఆనించి నడిచి వెళ్లాం. అరగంట అనుకున్నది గంటన్నర అయింది, ఇంకా ఎదురుగాలి మొదలవలేదు.