మెదడు స్కాన్ భేష్, కిడ్నీ రిపోర్టు అరకొర: శ్రీకాకుళంలో ట్యూబరస్ స్క్లెరోసిస్ స్కాన్లు

పేరు రాయడం లేదు. శ్రీకాకుళంలో ఎమ్మారై, సీటీ రెండూ ఒకేచోట ఉన్న స్కాన్ సెంటర్ ఇది. ఫిట్స్, ఒంటి మీద తెల్లమచ్చలు, ముక్కు చుట్టూ ఎర్రటి బొడిపెలు ఉన్న పిల్లలకు ట్యూబరస్ స్క్లెరోసిస్ (పలు అవయవాల్లో గడ్డలు పెరిగే జన్యు జబ్బు) అనుమానంతో రాసే స్కాన్ల వరకే ఈ రివ్యూ.

మెదడు స్కాన్‌కి మంచి మార్కులు వేయొచ్చు. ఫ్లెయిర్‌ని (మెదడులో తేడా ఉన్న చోట్లని తెల్లగా చూపే ఎమ్మారై పద్ధతి) పలచటి స్లైసులుగా తీస్తారు, ట్యూబర్లు (మెదడు పైపొరలో సరిగ్గా ఏర్పడని ముద్దలు) తప్పించుకోవు. మన్రో రంధ్రం (మెదడులోని నీరు పారే సన్నటి దారి) దగ్గరి గడ్డకి మూడు వైపులా కొలతలు ఇస్తారు. అది 1 సెంటీమీటరు దాటిందా, పోయినసారి కన్నా పెరిగిందా అన్నదే న్యూరాలజిస్టుకి కావాలి. మత్తుకి ముందు తిండి 6 గంటలు, తల్లిపాలు 4, నీళ్లు 2 గంటలు ఆపాలని చీటీ రాసిస్తారు.

చిక్కంతా కిడ్నీతోనే. "రెండు కిడ్నీల్లో ఆంజియోమయోలైపోమాలు" అని (అంటే రక్తనాళాలు, కండ, కొవ్వు కలిసిన గడ్డలు) ఒక్క వాక్యం రాసి వదిలేశారు. సైజేది? 3 సెంటీమీటర్లు దాటి పెరుగుతుంటే గడ్డల్ని కుదించే ఎవెరోలిమస్ లాంటి మందు ఆలోచించాలి, పెద్దవైతే లోపల రక్తం కారే ముప్పుంది. పైగా అల్ట్రాసౌండ్‌తో సరిపెడతారు. కొవ్వు తక్కువున్న గడ్డలు అందులో సరిగ్గా తేలవు. ఫ్యాట్ సప్రెషన్‌తో (కొవ్వు మెరుపుని అణిచే పద్ధతి) పొట్ట ఎమ్మారై అడగండి, అదీ మెదడు స్కాన్‌తో కలిపి. మత్తు ఒక్కసారి ఇస్తే సరిపోతుంది.

కిడ్నీ జబ్బులెక్కువున్న ఉద్దానం వైపు నుంచి వచ్చేవాళ్లు తాజా క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) రిపోర్టు తెచ్చుకోవాలి. జీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం) 30 లోపుంటే పాత లీనియర్ రకం గాడోలినియం (ఎమ్మారైలో ఎక్కించే కాంట్రాస్ట్ మందు) వద్దు, మాక్రోసైక్లిక్ రకమే అడగాలి. ఈ సంగతి కౌంటర్ దగ్గరే అడుగుతారు, మెచ్చుకోవాలి.

18 దాటిన ఆడపిల్లలకు ఊపిరితిత్తుల్లో తిత్తులు చూడ్డానికి తక్కువ డోసు సీటీ చాలు, కాంట్రాస్ట్ అక్కర్లేదు. తిత్తులు లేకుంటే మళ్లీ 5–7 ఏళ్లకే. ఏటా తీయించడం దండగ.

మూడు అవయవాలకి మూడు రిపోర్టులు వస్తాయి, కలిపి చదివే దిక్కుండదు. తప్పు సెంటర్‌ది ఒక్కదానిదే కాదు. రాసే డాక్టర్లు చీటీలో "ఫిట్స్" అని మాత్రమే పెడుతున్నారు. "ట్యూబరస్ స్క్లెరోసిస్ అనుమానం, కిడ్నీ గడ్డల కొలతలు కావాలి" అని రాయించుకోండి, పాత స్కాన్లూ ఇవ్వండి. ఫిల్మ్‌తో ఊరుకోకుండా డైకామ్ సీడీ (అసలు స్కాన్ బొమ్మలన్నీ కంప్యూటర్లో చూసేలా ఇచ్చేది) తీసుకోండి. విశాఖ వెళ్లేముందు అది తెరుచుకుంటోందో లేదో సెంటర్ కంప్యూటర్లోనే చూపించమనండి.