నల్ల తొక్కుడు మిషను మీద పిల్లల బట్టలు: ఏళ్ళ తరబడి కుట్టాక నా అభిప్రాయం

విజయనగరంలో మా ఇంటి వసారాలో ఉన్నది మామూలు నల్ల తొక్కుడు మిషను. తిన్నని కుట్టు తప్ప ఇంకేమీ రాదు. జిగ్‌జాగ్ లేదు, కాజా లేదు, అంచు పీచు లేవకుండా చుట్టే ఓవర్‌లాక్ సంగతి అడగనే వద్దు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను వచ్చేనాటికే అది మా ఇంట్లో పాతబడింది. తర్వాతెప్పుడో పక్కన చిన్న మోటారు కూడా బిగించాం. దీని మీద నేను కుట్టేవి ఎక్కువగా పిల్లల బట్టలే. బారసాలకి జుబ్బాలు, మొదటి పుట్టినరోజుకి కుచ్చుల గౌన్లు, పరికిణీ జాకెట్లు, జూన్ వస్తే యూనిఫాంలు, దసరాకీ ఆ తర్వాత మంగళవారం వచ్చే పైడితల్లమ్మ సిరిమానోత్సవానికీ కొత్తబట్టలు. ఈ మిషను కొనొచ్చా అని అడిగేవాళ్ళకి ముందే చెప్పేస్తున్నా: కొనొచ్చు. బనీను గుడ్డలు కుట్టాలని కొనేవాళ్ళు మాత్రం ఆగండి. ఎందుకో కింద చెప్తాను.

చీరకి ఫాల్ కుట్టినప్పుడు మిషను ఎలా ఉన్నా పని అయిపోతుంది. ఎటు చూసినా పొడుగు కుట్టే, మధ్యలో ఎక్కడో రెండు కుట్లు వదిలినా కుచ్చిళ్ళలో కలిసిపోతుంది. ఆర్నెల్ల పాప గౌను అలా కాదు. మెడ చుట్టూ బెత్తెడు కుట్టు, అందులోనే రెండు వంపులు, పైపింగ్ పెడితే నాలుగు పొరలు. మొదలుపెట్టిన మూడో కుట్టుకే తిప్పాలి. మిషన్లో ఏ లోపం ఉన్నా అక్కడే బయటపడుతుంది. పైగా లోపలి కుట్టు గరుగ్గా ఉంటే పాప ఏడుస్తుంది, తల్లి మళ్ళీ మన గుమ్మం తొక్కదు.

అందరూ మొదట చెప్పే బాధ గుడ్డ అడుగున దారం గుబురు కట్టడం. పైన చూస్తే కుట్టు శుభ్రంగా ఉంటుంది, తిప్పి చూస్తే దారం ఉండ. వెంటనే అందరి చెయ్యీ బాబిన్ కేసు (అడుగు దారం చుట్టిన బాబిన్ కూర్చునే డబ్బీ) మీదకే పోతుంది. స్క్రూడ్రైవర్ తీసి ఆ చిన్న మర తిప్పేస్తారు. అది తిప్పకండి. అడుగున గుబురు కడితే తప్పు పై దారానిది, నూటికి తొంభై సార్లు. పై దారం, దాన్ని బిగువుగా పట్టే టెన్షన్ రేకుల మధ్యకి దిగలేదన్నమాట. గుడ్డని నొక్కి పట్టే ఫుట్టుని దించి ఉంచి దారం ఎక్కిస్తే రేకులు మూసుకుని ఉంటాయి, దారం పైపైన తేలిపోతుంది. ఫుట్టు ఎత్తండి, దారం మొత్తం తీసి మొదటి నుంచీ ఎక్కించండి. అప్పుడు ఫుట్టు దించి సూది దగ్గర దారం లాగి చూడండి. చేతికి బిగువు తగలాలి. తగల్లేదంటే ఇంకా దిగలేదని అర్థం. ఇంకో మాట. కుట్టు మొదలుపెట్టేటప్పుడూ ఆపేటప్పుడూ దారం లాగే కొక్కెం పైకి వచ్చి ఉండాలి. రెండు దారాల కొసలూ వెనక్కి పెట్టి వేలితో నొక్కి పట్టుకోవాలి. గుబుర్లు సగం ఇక్కడే ఆగిపోతాయి.

బాబిన్ బిగువు చూడ్డానికి మాకు కుట్టు నేర్పిన మాస్టారు చూపించిన పద్ధతే ఇప్పటికీ నాది. బాబిన్ పెట్టిన కేసుని దాని దారం కొసతో పట్టుకుని గాల్లో వేలాడదీయాలి. ఊరికే వేలాడుతూ ఉండాలి, జారకూడదు. చెయ్యి చిన్నగా ఒక్క కుదుపు కుదిపితే సాలీడులా ఓ అంగుళం దిగి ఆగాలి. కుదపకుండానే జరజరా దిగిపోతే వదులు, కుదిపినా కదలకపోతే బిగువు. అప్పుడు కూడా మర పావు చుట్టు కంటే ఎక్కువ తిప్పొద్దు. మర తిప్పే ముందు బాబిన్ని బల్ల మీద దొర్లించి చూడండి. కిందపడి అంచు వంగిన బాబిన్ ఏ మర తిప్పినా దారిలోకి రాదు, దాన్ని పారేయడమే. కొత్త దారం పాత దారం మీద చుట్టేయడం, నిండిపోయి అంచు దాటేదాకా చుట్టడం కూడా మానుకోవాలి.

ఇక సూది. మిషను బాగుచేసే బాబాయి ఎప్పుడు వచ్చినా సంచీ దించకముందే అడిగేది ఒకటే: "ఏటమ్మా, సూది మార్చి ఎన్నాళ్ళయింది?" కుట్లు వదిలేస్తోందన్నా, దారం తెగిపోతోందన్నా, టకటకా చప్పుడు వస్తోందన్నా ఆయనకి మొదట కనబడేది సూదే. సూది మొన గోటి మీద గీసి చూస్తే తెలిసిపోతుంది, గోరు గీరుకుపోతే మొన వంగినట్టు. మన ఇళ్ళలో మిషన్లకి కావలసింది కాడ ఒకవైపు చదునుగా ఉండే సూది, ప్యాకెట్ మీద హెచ్ఏ అని ఉంటుంది. టైలరింగ్ షాపుల్లోని పెద్ద మిషన్ల సూదికి కాడ గుండ్రంగా ఉంటుంది, దాని పేరు డీబీ. షాపువాడు తొందరలో అది ఇచ్చేస్తే మన మిషన్లో కుట్టు పడదు. చదును వైపు ఎటు ఉండాలన్నది మిషను బట్టి ఉంటుంది గానీ, సూదికి పొడుగు గాడి ఎటువైపు ఉందో దారం అటునుంచే దూర్చాలి. కాడ పైదాకా ఆనేలా తోసి మర బిగించాలి. ఒక్క నూలు వాసి కిందకి జారినా కుట్లు వదలడం మొదలవుతుంది.

నంబరు విషయంలో నాకు కచ్చితమైన పట్టింపు ఉంది. మిషనుతో పాటు వచ్చిన 16 నంబరు సూదితోనే పసిబిడ్డ పల్చటి మల్లు గుడ్డా కుట్టి, అదే సూదితో యూనిఫాం నిక్కరూ కుట్టేవాళ్ళని చూస్తుంటాను. పల్చటి కాటన్‌కి, పొందూరు సన్నఖద్దరుకి, సాటిన్‌కి 11. మామూలు పాప్లిన్‌కి 14. యూనిఫాం మడతలకి 16. మల్లు గుడ్డ మీద 16 దూరితే పడే కన్నాలు ఉతికినా పూడవు.

సూది విరిగితే పిల్లల బట్టల విషయంలో వేరే లెక్క. విరిగిన ముక్కలు రెండూ దొరికి, పక్కపక్కన పెడితే సూది పూర్తిగా కనబడేదాకా ఆ గౌను మా ఇంటి గడప దాటదు. మిషను సొరుగులో ఒక అయస్కాంతం పడేసి ఉంచుతాను. కుచ్చుల్లో ఇరుక్కున్న మొన ముక్కని కన్ను పట్టలేదు, అయస్కాంతం పడుతుంది.

చిన్న గుడ్డని మిషను మింగేయడం ఇంకో రకం బాధ. కాలరు మూల, నాడా కొస, ఇలాంటివి సూదితో పాటు ప్లేటు కన్నంలోకి దిగిపోతాయి. అంచు మీద కుట్టు మొదలుపెట్టకుండా ముందు ఒక పనికిరాని పేలిక మీద నాలుగు కుట్లు వేసి, దారం తెంపకుండా అసలు గుడ్డలోకి నడిపిస్తే మింగదు. మరీ పల్చటిదైతే కింద కాగితం పెట్టి కుట్టి తర్వాత చింపేయొచ్చు. తెల్ల కాగితమే పెట్టండి, పేపరు ముక్క పెడితే సిరా జుబ్బాకి అంటుతుంది. ఫుట్టు కడ్డీ నెత్తి మీద ఒక మర ఉంటుంది, చాలామంది దాన్ని జన్మలో ముట్టుకోరు. పల్చటి గుడ్డకి అది కొంచెం వదులు చేస్తే ప్లేటు కింద గుడ్డని జరిపే పళ్ళు దాన్ని నలపకుండా నడుపుతాయి, దళసరికి బిగించాలి.

ఈ మిషను బల్ల చదునుగా ఉంటుంది కాబట్టి చంటిపిల్లల చేతిగొట్టం అందులో తిరగదు. పెద్దవాళ్ళ జాకెట్‌కి పక్కలు మూసి తర్వాత చెయ్యి ఎక్కించినట్టు ఇక్కడ చేస్తే కుదరదు, కింది పొర కూడా కలిసి కుట్టు పడిపోతుంది. భుజం కుట్టి, పక్కలు తెరిచి ఉండగానే చెయ్యి పరిచి ఎక్కించి, చేతి అంచు మడిచి, చంక నుంచి కిందదాకా ఒకే కుట్టుగా పక్క మూసేయడమే. నిక్కరు కాళ్ళకి ఇలాస్టిక్ కూడా అంతే, పరిచి ఉండగానే. ఓవర్‌లాక్ లేని లోటుకి నేను చేసేది ఇది: మంచి వైపు పైకి కనబడేలా ఒక కుట్టు వేసి, అంచులు కత్తిరించి, తిరగేసి మళ్ళీ కుట్టడం. పీచులన్నీ మడతలో మూసుకుపోతాయి, ఒంటికి ఏమీ గుచ్చుకోదు. పని రెట్టింపు. బారసాల బట్టలకి మాత్రం ఇది తప్ప ఇంకోటి ఒప్పుకోను.

పుట్టినరోజు గౌన్లకి సాటిన్, నెట్టు, మెరుపుల గుడ్డ తెస్తారు. సాటిన్ ముడతలు పడితే పై టెన్షన్ తగ్గించి, ముందూ వెనకా రెండు చేతులతో గుడ్డ తిన్నగా పట్టుకుని నడిపించాలి. లాగకూడదు, లాగితే సూది వంగి ప్లేటుకి తగులుతుంది. కుచ్చులకి కుట్టు పొడుగు ఎంత వస్తే అంత పెట్టి, పై టెన్షన్ వదులు చేసి, పక్కపక్కన రెండు వరసలు వేసి బాబిన్ దారాలు లాగితే కుచ్చులు సమంగా వస్తాయి. ఒక్క వరసే వేస్తే నడుము దగ్గరికి వచ్చేసరికి అన్నీ ఓ పక్కకి పోగవుతాయి. మెరుపుల గుడ్డ తెస్తే మాత్రం కుట్టుబడి ఎక్కువ అడుగుతాను, మొహమాటం లేదు. సూదులు తినేస్తుంది.

బనీను గుడ్డ ఈ మిషనుకి పడదు. మొన గుండ్రంగా ఉండే బాల్ పాయింట్ సూది వేస్తే కుట్లు వదలడం తగ్గుతుంది, అది నిజమే. అయినా తిన్నని కుట్టు సాగదు కదా. పిల్లాడి తల దూర్చగానే మెడ దగ్గర పటుక్కున తెగుతుంది. అలాంటివి నేను తీసుకోవడం మానేశాను.

జూన్‌లో యూనిఫాంల రోజుల్లో బెల్టు గొడవ వస్తుంది. ప్రభుత్వ బడి పిల్లలకి మూడు జతల గుడ్డ వస్తుంది, ఇంటికి ఇద్దరు పిల్లలంటే ఆరు జతలు ఒకేసారి మన మీద పడతాయి. అప్పుడే వానలు మొదలవుతాయి, తోలు బెల్టు సాగుతుంది. కింద చక్రం తిరుగుతూనే ఉంటుంది, స్కర్టు మడతల దగ్గర సూది ఆగిపోతుంది. మిషను బరువెక్కిందని నూనె పోసేస్తారు గానీ దానికి కావలసింది నూనె కాదు. బెల్టు కొక్కెం విప్పి, అర అంగుళం కోసి, దబ్బనంతో కన్నం పెట్టి మళ్ళీ తగిలిస్తే చాలు.

నూనె అంటే మిషను నూనే. కొబ్బరినూనె పోస్తే కొన్నాళ్ళకి జిడ్డు గడ్డకట్టి చక్రం కదలదు, అప్పుడు కిరసనాయిలుతో కడగాల్సి వస్తుంది. మా అత్తయ్య ఇంకా ఒప్పుకోరు, "మా కాలంలో అదే పోసేవోళ్ళం" అంటారు. శ్రీకాకుళంలో ఉన్న మా చెల్లి మిషనుకీ నా మిషనుకీ ఉన్న శత్రువు ఒకటే, సముద్రపు గాలి. నాలుగు రోజులు వాడకపోతే ప్లేటు మీద తుప్పు చుక్కలు తేలతాయి. వాడినా వాడకపోయినా తుడిచి, చుక్క నూనె వేసి, మూత వేసి ఉంచాలి. నూనె వేశాక ఒక పేలిక మీద గజం పొడుగు కుట్టి, మరక రావడం లేదని చూసుకున్నాకే తెల్లబట్ట ముట్టుకోవాలి. మరక పడితే నీళ్ళు తగలకముందే పౌడరు చల్లి ఉంచి దులిపితే చాలావరకు పీల్చేస్తుంది. పొందూరు ఖద్దరు కుట్టినప్పుడు ప్లేటు విప్పి పళ్ళ కింద చూడండి. చేత్తో వడికిన నూలు కాబట్టి దూది పీచు దట్టంగా పేరుకుంటుంది. దాన్ని అలాగే ఉంచి నూనె వేస్తే మైనంలా తయారై పళ్ళు పైకి లేవవు, గుడ్డ నడవదు. పాత టూత్‌బ్రష్ చాలు.

మోటారు గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. పొడుగు కుట్లకి హాయి. మెడ వంపు దగ్గర మాత్రం మెల్లగా పోనివ్వదు. కాలు ఆనిస్తే కదలదు, కొంచెం నొక్కితే ఉరుకుతుంది. మెడలూ కాలర్లూ ఇప్పటికీ తొక్కే కుడతాను. హుద్‌హుద్ తర్వాత రోజుల తరబడి కరెంటు లేనప్పుడు కూడా ఈ మిషను ఆగలేదు, అందుకే మోటారు బిగించినా తొక్కుడు విప్పనివ్వలేదు. ఇంట్లో చిన్నపిల్లలుంటే పని అయ్యాక బెల్టు చక్రం మీంచి జార్చేయండి. వాళ్ళకి ఆ తొక్కుడు ఉయ్యాలే, వేలు నలిగే చోటు కూడా అదే. చక్రం వెనక్కి తిప్పేసి దారాలు చిక్కు పెట్టేది కూడా వాళ్ళే.

మా తోడికోడలు దగ్గర తెల్ల ప్లాస్టిక్ మిషను ఉంది. కాజాలు వేస్తుంది, జిగ్‌జాగ్ వేస్తుంది, పక్క భాగం తీసేస్తే చేతిగొట్టం చక్కగా తిరుగుతుంది. ఆ చివరిది చూస్తే నాకు కుళ్ళే. బనీను గుడ్డ కూడా కుడుతుంది. యూనిఫాం నిక్కరు నడుము దగ్గర ఆరు పొరలు వచ్చేసరికి మూలుగుతుంది, లోపల ప్లాస్టిక్ పళ్ళచక్రం ఒకసారి అరిగిపోయి, దాని కోసం విశాఖపట్నం దాకా పంపి వారాల తరబడి ఎదురుచూశారు. నా మిషను సామాన్లు గంటస్తంభం చుట్టుపక్కల ఏ కుట్టు సామాన్ల కొట్లో అడిగినా దొరుకుతాయి, బిగించుకోవడం ఇంట్లోనే అయిపోతుంది. ఇంట్లో పిల్లలకి మాత్రమే, ఏడాదికి నాలుగు గౌన్లు కుట్టుకుంటారా, తెల్లదే తీసుకోండి. నాలుగు డబ్బుల కోసం రోజూ కుడతారా, నల్లదే.

పాతది బేరానికి వస్తే రంగూ బంగారు పువ్వులూ చూడొద్దు. మీ సూది, మీ దారం, మల్లు ముక్క ఒకటి, యూనిఫాం ముక్క ఒకటి పట్టుకెళ్ళండి. చక్రాన్ని పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపండి, లొటలొట ఆడితే వద్దు. షటిల్ (బాబిన్ దగ్గర పై దారాన్ని పట్టే కొక్కెం) బయటికి తీయించి దాని మొన చూడండి, మొద్దుబారి ఉంటే ఆ ఖర్చు ధరలో తగ్గించుకోండి. తర్వాత రెండు ముక్కల మీదా కుట్టి తిప్పి చూడండి. మోటారు బేరంలో కలిసొస్తే మంచిదే, అది లేదని మాత్రం మంచి మిషను వదులుకోవద్దు.