జాగ్రత్త: విశాఖ వెళ్లి సెకండ్ హ్యాండ్ గేమింగ్ పీసీ కొనే రాయగడ వైపు వాళ్లు ఇది చదవండి

రాయగడ, గుణుపురం, జయపురం, పర్లాకిమిడి వైపు ఉండే మన తెలుగువాళ్ల కోసం రాస్తున్నాను. గేముల బొమ్మలను తెరమీద చూపించే గ్రాఫిక్స్ కార్డు కావాలంటే మన ఊళ్లలో దొరికే రకాలు తక్కువ. అందుకే విజయనగరానికో విశాఖకో రైలెక్కుతాం. అక్కడ ఎవరైనా "1050 టీఐ, 4 జీబీ కార్డు, ఫుల్ టెస్టెడ్ గేమింగ్ సెట్టు" (1050 టీఐ అనేది ఎన్విడియా కంపెనీ గ్రాఫిక్స్ కార్డు మోడల్) అని తక్కువ ధర చెబితే, స్క్రీన్ మీద కార్డు పేరు కనిపించింది కదా అని డబ్బు కట్టేయకండి. ఆ పేరును మార్చి పెట్టవచ్చు. మా వాళ్లకు అమ్మిన కార్డులో అలాగే మార్చి పెట్టారు.

మా అక్క కొడుకు కోసం బావ విశాఖలో ఒక షాపులో పాతికవేలకు పైగా పెట్టి సెట్టు కొన్నాడు. షాపులో వాలొరెంట్ ఆడించి చూపించారు, బాగానే నడిచింది. ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆ గేమ్ చాలా తేలిక. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని మామూలు కంప్యూటర్‌లో కూడా ఆడుకునేలా తయారు చేశారు దాన్ని. అది నడిచిందంటే కార్డు మంచిదని అర్థం కాదు. ఇంటికొచ్చి జీటీఏ 5 అనే బరువైన గేమ్ వేస్తే ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే బొమ్మల సంఖ్య) ఇరవై దాటలేదు. ఊళ్లోకి కారు తిప్పగానే ఇంకా పడిపోయేది. కాసేపటికి స్క్రీన్ నల్లబడి గేమ్ మూసుకుపోయేది, ఒక్కోసారి కంప్యూటర్ మొత్తం రీస్టార్ట్ అయ్యేది. అసలైన 1050 టీఐ ఉంటే అదే గేమ్ 1080పీలో, మధ్యస్థం సెట్టింగుల్లో అరవై దగ్గర ఆడాలి.

ఫోన్ చేస్తే షాపాయన "మీ రాయగడలో ఓల్టేజీ బాగోదు కదండీ, యూపీఎస్ కొనుక్కోండి" అన్నాడు. తర్వాత విండోస్ మళ్లీ వేయమన్నాడు. ఇంకోసారి "డ్రైవర్ మాత్రం అప్‌డేట్ చేయకండి సార్, ఇలాగే వాడుకోండి" అన్నాడు. నాకు అనుమానం వచ్చింది ఆ చివరి మాటతోనే. డ్రైవర్ అంటే కార్డును విండోస్‌తో పనిచేయించే ప్రోగ్రాం. కొత్తది వేస్తే మంచి కార్డుకు భయం ఎందుకు?

అయినా తొందరపడి ఒకరి మీద నింద వేయకూడదని ముందు మామూలు కారణాలన్నీ చూశాను. మీకూ ఇలాగే అయితే మీరూ ముందు ఇవే చూడండి, ఎందుకంటే చాలాసార్లు తప్పు వీటిలోనే ఉంటుంది. మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకే పెట్టారా, పొరపాటున మదర్‌బోర్డు పోర్టుకు పెట్టారా చూడండి. మదర్‌బోర్డుకు పెడితే కార్డు ఉన్నా దాని పని కనబడదు. తర్వాత వేడి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం తెరిచి పెట్టి గేమ్ ఆడితే ప్రాసెసర్, కార్డు ఎంత వేడెక్కుతున్నాయో తెలుస్తుంది. పాత సెట్టుల్లో చిప్ వేడిని బయటికి పంపే థర్మల్ పేస్టు ఎండిపోయి, ఫ్యాన్‌లో దుమ్ము పట్టి ఉంటుంది. వేడి హద్దు దాటితే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది, ఫ్రేములు పడిపోతాయి. ర్యామ్‌ను మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రాంతో రాత్రంతా పరీక్షించవచ్చు.

లోడు పడగానే కంప్యూటర్ ఠక్కున ఆగిపోతుంటే పవర్ సప్లైని అనుమానించాలి. విండోస్ తనలో వచ్చిన తప్పులను రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అని కనిపిస్తే కరెంటు హఠాత్తుగా పోయిందనో, సిస్టం సరిగా మూసుకోలేదనో మాత్రమే దాని అర్థం. కారణం మనమే వెతుక్కోవాలి. పేరూ ఊరూ లేని సప్లై మీద 450 వాట్లని స్టిక్కర్ ఉన్నంత మాత్రాన అది అంత ఇస్తుందని నమ్మకండి. కరెంటు వృథా తక్కువని తెలిపే 80 ప్లస్ గుర్తు ఉన్న మంచి సప్లై దొరికితే మార్చి చూడండి. నేను తెలిసినవాళ్ల దగ్గర ఒకటి అరువు తెచ్చి పెట్టాను. తేడా ఏమీ రాలేదు. వేడి మామూలుగానే ఉంది, ర్యామ్‌లో తప్పుల్లేవు, ఓల్టేజీ కూడా సరిగానే ఉంది.

అప్పుడు డీడీయూ అనే ప్రోగ్రాంతో పాత డ్రైవర్ మొత్తం తీసేసి, ఎన్విడియా సైటు నుంచి నేరుగా 1050 టీఐ డ్రైవర్ వేశాను. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు, కోడ్ 43. కార్డు అసలు పనిచేయడమే మానేసింది. జీపీయూ-జెడ్ అనే చిన్న ప్రోగ్రాం తెరిస్తే కార్డు పేరుకు ముందే "ఫేక్" అని రాసి ఉంది. 2018లో వచ్చిన 2.12 వెర్షన్ నుంచి ఈ ప్రోగ్రాం నకిలీ ఎన్విడియా కార్డులను పట్టిస్తోంది. అందులోనే కోర్లు (లెక్కలు చేసే చిన్న భాగాలు) 192 అని ఉంది. అసలైన 1050 టీఐకి 768 ఉంటాయి. చివరికి చిప్‌ను చల్లబరిచే హీట్‌సింక్ విప్పి చిప్ తుడిచి చూస్తే జీఎఫ్116 అని చెక్కి ఉంది. జీటీఎక్స్ 550 టీఐ చిప్ అది, 2011లో వచ్చింది. 1050 టీఐ అయితే జీపీ107 అని ఉండాలి.

ఈ మోసం ఎలా జరుగుతుందో తెలుసుకుంటే ఆ క్రాషులన్నిటికీ కారణం తెలుస్తుంది. పాత కార్డులో దాని వివరాలు రాసి ఉండే బయోస్‌ను మార్చి, కొత్త కార్డు పేరు, 4 జీబీ మెమరీ అని రాస్తారు. విండోస్ బయోస్ చెప్పిందే నమ్ముతుంది. గేమ్ సెట్టింగుల్లో కూడా 4096 ఎంబీ అనే కనిపిస్తుంది. కానీ ఈ పాత కార్డుల్లో మామూలుగా ఉండేది 1 జీబీయే. గేమ్ అంతకు మించి వాడబోగానే అక్కడ లేని మెమరీని తడుముతుంది, అక్కడే స్క్రీన్ నల్లబడుతుంది. తేలిక గేముల్లో ఆ అవసరం రాదు కాబట్టి షాపులో బయటపడదు. ఆ చిప్ ఫెర్మి అనే పాత తరానిది, ఎన్విడియా 2018లోనే దానికి గేమ్ డ్రైవర్లు ఆపేసింది. అందుకే వాళ్లు ఏదో మార్చిన డ్రైవర్ వేసి ఇచ్చి, దాన్ని ముట్టుకోవద్దని చెప్పారు. వల్కన్ అనే కొత్త గ్రాఫిక్స్ పద్ధతి తప్పనిసరి అయిన గేములు దీని మీద ఎప్పటికీ నడవవు. ఇంటర్‌నెట్‌లో చూసిన చిట్కాలన్నీ చేస్తూ పిల్లవాడు రాత్రులు కూర్చున్నాడు, తనకే చేతకావడం లేదని బాధపడ్డాడు. డబ్బు సంగతి కన్నా నాకు అది ఎక్కువ కష్టం అనిపించింది.

కొనేటప్పుడు కార్డు వెనక పోర్టులు చూడండి. పాత మానిటర్ కేబుల్ పెట్టే నీలం రంగు వీజీఏ పోర్టు ఉన్న "1050 టీఐ" కనిపిస్తే అక్కడే ఆగండి, 1050 టీఐ తరం నుంచి ఎన్విడియా చిప్‌లు వీజీఏకి కావలసిన అనలాగ్ సిగ్నల్ ఇవ్వడం మానేశాయి. పెన్‌డ్రైవ్‌లో జీపీయూ-జెడ్ తీసుకెళ్లండి, ఇన్‌స్టాల్ చేయకుండానే నడుస్తుంది. వాళ్ల ముందే ఎన్విడియా సైటు నుంచి ఆ కార్డుకు ఉన్న డ్రైవర్ వేయించండి. బరువైన గేమ్ కనీసం అరగంట ఆడించండి. వీటిలో దేనికైనా "టైం లేదు" అంటే ఆ కార్డు వదిలేయండి. ఏఎమ్‌డీ అనే మరో కంపెనీ కార్డుల వైపు కూడా జాగ్రత్త అవసరం: ఆర్‌ఎక్స్ 580 పేరుతో 2048 కోర్ల రకం ఒకటి తిరుగుతోంది, అసలు 580కి 2304 ఉంటాయి. ఇది నకిలీ కాదు గానీ దానికన్నా తక్కువ కార్డు అయిన 570తో సమానం, 580 ధర పెట్టకండి. "ఐ7 కంప్యూటర్" అని చెప్పినప్పుడు ఆ ఇంటెల్ ఐ7 ప్రాసెసర్ ఎన్నో తరానిది అని అడగండి. ఎనిమిదో తరానికి ముందువాటిలో దాదాపు అన్నిటికీ విండోస్ 11 అధికారికంగా లేదు, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది.

ఇక బిల్లు. బావకి తెల్లకాగితం మీద ఎస్టిమేట్ రాసిచ్చి, జీఎస్టీ బిల్లు కావాలంటే 18 శాతం అదనం అన్నారు. బిల్లు అడగండి, అందులో కార్డు మోడల్, సీరియల్ నంబరు రాయించండి. జీఎస్టీ నంబరు మొదటి రెండు అంకెలు రాష్ట్రం కోడు: ఆంధ్రకు 37, ఒడిశాకు 21, తెలంగాణకు 36, మహారాష్ట్రకు 27. ఆ నంబరును జీఎస్టీ పోర్టల్‌లో కొడితే షాపు పేరు సరిపోయిందో లేదో ఎవరైనా చూసుకోవచ్చు.

మనలో చాలామంది "రాష్ట్రం దాటి కొన్నాం, ఇంకేం చేస్తాం" అని వదిలేస్తున్నారు. అది నిజం కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవాళ్లు తాము ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు. విశాఖలో కొన్న రాయగడ మనిషి రాయగడ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేసుకోవచ్చు. కొన్న విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్లు. అంతకు ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. బిల్లు లేకపోయినా యూపీఐ చెల్లింపు, వాట్సాప్‌లో వాళ్లు పంపిన "1050 టీఐ" ఫోటోలు, జీపీయూ-జెడ్ స్క్రీన్‌షాట్ దాచుకోండి. మేము అవే జోడించి 1915లో ఫిర్యాదు చేశాం. కార్డు డబ్బు తిరిగి ఇస్తామని షాపు వాళ్లు ఇప్పుడు అంటున్నారు, ఇంకా చేతికి రాలేదు. ఒక్క సంగతి, ఈ చట్టం వ్యాపారులకే వర్తిస్తుంది. ఆన్‌లైన్‌లో ప్రకటన చూసి ఎవరో ఇంటి మనిషి దగ్గర పాత కార్డు కొంటే ఈ దారి ఉండదు, అక్కడ పరీక్ష మరింత గట్టిగా చేయండి.

మీ ఇంట్లో ఇలాంటి కార్డు ఉంటే ఈరోజే జీపీయూ-జెడ్ తెరిచి చూడండి. నకిలీ అని తేలితే చౌకగా ఇంకొకరికి అమ్మేయకండి. వేరేవాళ్ల పిల్లవాడు కూడా అదే బాధ పడతాడు.