ఇంగ్లీష్ అగ్రిమెంట్‌ని స్పానిష్‌లోకి మార్పించాం, రెండు ట్రాన్స్‌లేషన్ సర్వీసుల మీద నా రివ్యూ

మాది జీడిమెట్లలో చిన్న బల్క్ డ్రగ్ కంపెనీ, నేను ఎక్స్‌పోర్ట్ పేపర్లు చూస్తాను. మెక్సికోలో గ్వాదలహారా డిస్ట్రిబ్యూటర్ ఒకాయనతో అగ్రిమెంట్ కుదిరింది, 22 పేజీలు, ఇంగ్లీష్‌లో రాసుకున్నాం. వాళ్ళ లాయర్ ఏమో స్పానిష్ కాపీ కూడా ఉండాలి, రెండిటి మీదా సంతకాలు కావాలి అన్నాడు. అలా ముందు ఒక ఆన్‌లైన్ ఏజెన్సీకి ఇచ్చాం, అది కుదరక మెక్సికోలోనే కోర్టు గుర్తింపు ఉన్న ట్రాన్స్‌లేటర్ మేడం దగ్గరికి వెళ్ళాం, అక్కడ ఇలాంటి వాళ్ళని పెరీతో త్రదుక్తోర్ అంటారు. పేర్లు రాయట్లేదు, కానీ ఏం జరిగిందో మాత్రం వివరంగా రాస్తా, లాటిన్ అమెరికాకి సరుకు పంపేవాళ్ళు మన ఏరియాలో చాలామందే ఉన్నారు కాబట్టి.

ఏజెన్సీ పని 2 రోజుల్లో వచ్చేసింది, రేటు తక్కువ, ఫార్మాటింగ్ నీట్‌గా ఉంది. నేను హైదరాబాద్ ఇఫ్లూ యూనివర్సిటీలో స్పానిష్ సర్టిఫికెట్ కోర్సు చేశాను కాబట్టి రెండు కాపీలూ పక్కపక్కన పెట్టుకుని, "చెల్లదు" అనే అర్థం వచ్చే మాటలు మాత్రం వెతికి చూశా, ఎందుకంటే గొడవ వచ్చినప్పుడు లాయర్లు ముందు పట్టుకునేది అవే. చూస్తుంటే గుండె జారిపోయింది. నల్ అండ్ వాయిడ్ అన్నచోట "నూలో ఇ వాసీయో" అని ఉంది. నూలో అంటే చెల్లనిది, అది సరే, వాసీయో అంటే మాత్రం ఖాళీ అండి, ఖాళీ గ్లాసు, ఖాళీ సీసా అంటామే ఆ ఖాళీ. కొనేవాళ్ళు కాంట్రాక్ట్‌ని అవాయిడ్ చేయొచ్చు, అంటే తెంచుకోవచ్చు అన్న క్లాజులో "ఎవితార్" పెట్టారు, అది రోడ్డు మీద గుంట కనపడితే తప్పుకోవడం లాంటి తప్పుకోవడం. ఇవైనా నయం, చదివినవాడికి తప్పని తెలిసిపోతుంది. అసలు భయపెట్టింది ఏంటంటే వాయిడ్‌కీ వాయిడబుల్‌కీ రెండిటికీ "నూలో" అనే రాసేశారు, చదవడానికి ఎక్కడా తేడా అనిపించదు.

ఈ రెండిటికీ ఎంత తేడా ఉందో మన 1872 కాంట్రాక్ట్ యాక్ట్ సెక్షన్ 2లోనే ఉంది. వాయిడ్ అంటే చట్టం ముందు అసలు నిలబడనిది. వాయిడబుల్ అంటే మోసపోయినవాడి చేతిలో ఉన్నది, వాడు కావాలంటే ఉంచుకుంటాడు, వద్దంటే తీసేయిస్తాడు, అప్పటిదాకా అది చెల్లుతుంది. మా అగ్రిమెంట్‌లో అవతలివాళ్ళు తప్పుడు లైసెన్స్ వివరాలు ఇస్తే ఒప్పందం మా ఇష్టం మీద వాయిడబుల్ అని రాసుకున్నాం. దాన్ని నూలో అంటే ఏమవుతుంది, రేపు మార్కెట్ రేటు పడిపోయినప్పుడు వాళ్ళే వచ్చి ఇది మొదటినుంచీ నూలో కదా అని వాదన మొదలుపెట్టొచ్చు, మాకున్న హక్కు మా చేతుల్లోంచి జారిపోతుంది. అక్కడ ఉండాల్సిన మాట "అనులాబ్లె", అంటే కావాలంటే రద్దు చేయించుకోగలిగినది. ఏజెన్సీకి ఈమెయిల్ పెడితే డిక్షనరీలో రెండూ దగ్గర అర్థాలే అని జవాబిచ్చారు. సారీ, ఇది పేరాసెటమాల్‌కీ ఇంకో గోళీకీ రంగు ఒకటే అన్నట్టుంది, నాకు అస్సలు నచ్చలేదు.

మేడం దగ్గర అనుభవం పూర్తిగా వేరు. ఫైల్ చూసి రేటు చెప్పే ముందే అడిగిన మొదటి ప్రశ్న, గొడవొస్తే ఏ దేశం చట్టం వర్తిస్తుంది అని. స్పెయిన్ అయితే ఒక లెక్క, అక్కడి 1889 సివిల్ కోడ్‌లో అనులాబ్లె కాంట్రాక్ట్ మీద కేసు వేయడానికి 4 ఏళ్ళ గడువు ఉంటుందట. మెక్సికోలో ఇంకో లెక్క, ఫెడరల్ సివిల్ కోడ్‌లో మూడు మెట్లున్నాయి: ఒప్పుకోలో, విషయమో అసలు లేకపోతే "ఇనెక్సిస్తెంతె", అంటే పుట్టనే లేదు. తర్వాత "నులిదాద్ అబ్సొలూతా", అంటే పూర్తిగా చెల్లకపోవడం, సంబంధం ఉన్న ఎవరైనా లేవనెత్తొచ్చు, ఎన్నాళ్ళైనా పోదు, కానీ మామూలుగా జడ్జి చెప్పేదాకా తాత్కాలికంగా పని చేస్తూనే ఉండొచ్చు. తర్వాత "నులిదాద్ రెలతీవా", అంటే కొందరే ఎత్తిచూపగలిగే లోపం, మోసం బెదిరింపు లాంటివి ఇందులోకే వస్తాయి, మోసపోయినవాడే అడగాలి. అంటే ఇంగ్లీష్‌లో వాయిడ్ అని ఒక్కమాట రాస్తే అది ఈ మెట్లలో ఎక్కడ కూర్చోవాలో క్లాజు చదివితేనే తెలుస్తుంది.

నాకు బాగా నచ్చింది వారంటీ లైన్. సీలు పగలగొడితే వారంటీ వాయిడ్ అవుతుంది అని మేము రాశాం, మేడం అక్కడ నూలో వాడలేదు, "కెదరా సిన్ ఎఫెక్తో", అంటే ఇక అమల్లో ఉండదు అని రాశారు. కారణం ఫోన్‌లో చెప్పారు: వారంటీ ఇచ్చినప్పుడు బాగానే ఉంది, సీలు పోయాక ఆగిపోయింది, పుట్టుకలో లోపం ఉన్నదాన్నే నూలో అంటాం అని. నాకు వెంటనే మన మాటలు గుర్తొచ్చాయి, చెక్కు డేట్ దాటితే మురిగిపోయింది అంటాం, నోటు దొంగదైతే చెల్లదు అంటాం, రెండూ చేతికి డబ్బు ఇవ్వవు కానీ ఎవరూ ఒకదాని బదులు ఇంకోటి అనరు. కొటేషన్ 30 రోజుల తర్వాత వాయిడ్ అన్నచోట కూడా అంతే, గడువు తీరింది అనే మాట పెట్టారు.

అలాగే ఇన్వాలిడిటీ అనే హెడ్డింగ్ కింద ఏజెన్సీ "ఇన్వలిదెస్" అని ఊరుకుంది, మెక్సికోలో ఆ మాట ఒంటరిగా కనిపిస్తే సోషల్ సెక్యూరిటీ వాళ్ళ వైకల్యం ఇన్సూరెన్స్ గుర్తొస్తుందట, మేడం "నులిదాద్ పర్సియాల్", అంటే కొంత భాగం చెల్లకపోవడం అని మార్చారు. అవాయిడ్ విషయంలో ఇంకో మంచి పాయింట్. సరుకు అమ్మకాల మీద 1980 వియన్నా ఒప్పందం ఇంగ్లీష్ కాపీలో అవాయిడ్ అని ఉన్నచోట స్పానిష్ కాపీలో "రెసొల్వెర్" ఉంది, ఒప్పందం తప్పినందుకు తెంచుకోవడం అన్నమాట. మెక్సికో అందులో ఉంది, మనం లేము. మా క్లాజు కూడా సరుకు సరిగ్గా రాకపోతే తెంచుకోవడం గురించే కాబట్టి ఇక్కడ అనులార్ (చెల్లదని రద్దు చేయడం) కాదు, రెసొల్వెర్ పెట్టాలి అన్నారు.

ఇబ్బందులు కూడా చెప్తా. టైమ్ చాలా పట్టింది, 11 రోజులు. రేటు ఏజెన్సీ కంటే రెండింతలు పైనే. అక్కడికీ మనకీ పదకొండున్నర గంటల తేడా, మనకి రాత్రి 9.30 అయితే వాళ్ళకి పొద్దున 10, కాల్స్ అన్నీ భోజనం అయ్యాకే. విదేశీ పేమెంట్‌కి బ్యాంకులో పేపర్ల పని కూడా ఉంది. అయినా రెండో అగ్రిమెంట్ కూడా మేడంకే ఇచ్చాం.

మీరు ఎవరికైనా ఇచ్చేముందు మూడు వాక్యాలు శాంపిల్‌గా పంపండి: నల్ అండ్ వాయిడ్ ఉన్నది ఒకటి, వాయిడబుల్ ఉన్నది ఒకటి, వారంటీ వాయిడ్ అయ్యేది ఒకటి. మూడింటికీ నూలో అని వస్తే ఫైల్ ఇవ్వకండి. ఏ దేశం చట్టం అని తిరిగి అడిగారంటే నిశ్చింతగా అడ్వాన్స్ కట్టేయండి.