పాత డెస్క్‌టాప్‌లో లినక్స్ మింట్: ఇన్‌స్టాల్ దగ్గర సతాయించినవి, ఇన్నాళ్లు వాడాక తెలిసినవి

విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి కదా, అప్పట్నుంచి నల్గొండలో మాకు తెలిసినవాళ్లు "మీరేదో లినక్స్ వాడతరట, మా దాంట్ల కూడా ఏసుకోవచ్చా" అని అడుగుతూనే ఉన్నారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా. లినక్స్ మింట్ అంటే విండోస్ బదులు ఉచితంగా వేసుకునే ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్). నేను 2022లో మింట్ 21 వచ్చిన కొత్తలో వేసుకున్నా, తర్వాత మింట్ 22కి మారాను, ఇంట్లో ఇప్పటికీ అదే నడుస్తోంది. మిషన్ గొప్పదేం కాదు, ఇంటెల్ నాలుగో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్. విండోస్ 11 అధికారికంగా ఎనిమిదో తరం కంటే పాత ఇంటెల్ ప్రాసెసర్లను, ఏవో కొన్ని తప్ప, ఒప్పుకోదు, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కూడా కావాలంటుంది, కాబట్టి ఈ డబ్బాకి ఆ దారి ఎటూ లేదు.

ఇన్‌స్టాల్ కాలేదని నా దగ్గరికి వచ్చినవాటిలో మింట్ వల్ల వచ్చిన ఇబ్బంది చాలా తక్కువ. పెన్‌డ్రైవ్, బయోస్ (మిషన్ ఆన్ చేయగానే అన్నిటికంటే ముందు లేచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్), మిషన్ వయసు, తిప్పలన్నీ అక్కడే.

పెన్‌డ్రైవ్ సంగతి త్వరగా చెప్పేస్తా. మింట్‌ని పెన్‌డ్రైవ్‌లో పెట్టడానికి నెట్ నుంచి దింపుకునే ఐఎస్ఓ ఫైలు దాదాపు 3 జీబీ ఉంటుంది, ఫోన్ హాట్‌స్పాట్ మీద దింపితే మధ్యలో తెగి పాడయ్యే అవకాశం ఉంది, అందుకే చెక్‌సమ్ (ఫైలు సరిగ్గా దిగిందో లేదో చెప్పే కోడ్) సరిచూసుకోండి. అది తెలియకపోతే పెన్‌డ్రైవ్‌తో ఆన్ చేసినప్పుడు వచ్చే మెనూలోనే దాన్ని పరీక్షించే ఆప్షన్ ఉంటుంది, అదైనా నొక్కండి. తెర నల్లగా అయిపోయి ఏమీ రాకపోతే అదే మెనూలో కంపాటిబిలిటీ మోడ్ ఉంది, గ్రాఫిక్స్ డ్రైవర్‌ని పక్కనపెట్టి లోపలికి తీసుకెళ్తుంది. ఇన్‌స్టాల్ అయ్యాక డ్రైవర్ మేనేజర్‌లో సరైన డ్రైవర్ వేసుకుంటే సరి.

అసలు చిక్కు బూట్ మోడ్ దగ్గర. మిషన్ ఓఎస్‌ని లేపే పద్ధతులు రెండు, పాతది లెగసీ, కొత్తది యూఈఎఫ్ఐ. పాత విండోస్ లెగసీ పద్ధతిలో ఉండి, మీరు పెన్‌డ్రైవ్‌ని యూఈఎఫ్ఐ పద్ధతిలో ఎక్కించారనుకోండి (అంటే దాంతో మిషన్ ఆన్ చేశారనుకోండి), ఇన్‌స్టాల్ బ్రహ్మాండంగా పూర్తవుతుంది, రీస్టార్ట్ చేస్తే మాత్రం నేరుగా విండోస్ వచ్చి కూర్చుంటుంది, లినక్స్ ఎక్కడుందో కనపడదు. మనిషికి పిచ్చెక్కేది ఇక్కడే. బూట్ మెనూలో ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపిస్తుంది, ఒకదాని ముందు యూఈఎఫ్ఐ అని ఉంటుంది, రెండోదాని ముందు ఉండదు. మీ విండోస్ దేంట్లో ఉందో సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో బయోస్ మోడ్ అనే వరుస చూస్తే తెలిసిపోతుంది, పెన్‌డ్రైవ్‌ని కూడా దాంట్లోనే ఎక్కించండి. ఇంకోటి, విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపకుండా మొదలుపెట్టొద్దు. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది, లినక్స్ వైపు నుంచి ఆ డ్రైవ్‌లోని ఫైళ్లు చదవడమే గానీ రాయనివ్వదు.

మా బామ్మర్ది లాప్‌టాప్‌లో అయితే డిస్కే కనపడలేదు. బయోస్‌లో డిస్క్‌ని నడిపే స్టోరేజ్ సెట్టింగ్ ఇంటెల్ ఆర్ఎస్‌టీ అనే మోడ్ మీద ఉంది, దాన్ని ఏహెచ్‌సీఐ అనే మామూలు మోడ్‌కి మారిస్తే కనిపించింది. విండోస్ కూడా ఉంచుకునేవాళ్లు దీన్ని ఊరికే మార్చేయకండి, ముందు విండోస్‌ని సేఫ్ మోడ్‌లో లేచేలా పెట్టుకుని మార్చాలి, లేకపోతే విండోస్ లేవదు. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే తాళం) ఉంటే దాని రికవరీ కీ కాగితం మీద రాసిపెట్టుకోండి, ఫోన్‌లో ఫొటో తీసినా సరే.

ఇప్పుడు మా ఇంటి కథ. ఎండాకాలం కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మిషన్ లేచేది కాదు, బూట్ డివైస్ లేదు అని తెర మీద రాసేది. రిపేర్ షాపు పిల్లగాడు చూడకుండానే "సార్, హార్డ్‌డిస్క్ పోయినట్టుంది, ఎస్ఎస్‌డీ ఏసుకోండ్రి" అన్నాడు. తీరా చూస్తే మదర్‌బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ, సీఆర్2032, అయిపోయింది. కరెంటు పోగానే బయోస్ తన సెట్టింగులన్నీ మర్చిపోయి మొదటికి వెళ్లిపోయేది, బూట్ మోడ్ మారిపోయేది, తేదీ ఏ పాత సంవత్సరానికో జారేది. ఎలాగో ఎక్కించినా, ఆ తేదీ వల్ల బ్రౌజర్‌లో ప్రతి సైటూ సురక్షితం కాదనేది, అప్‌డేట్లు కూడా రానన్నాయి. నెట్ పాడైందని ఇంట్లో ఒకటే గొడవ! గడియారాల షాపులో దొరికే చిన్న బిళ్ల, అది మార్చాక అన్నీ సర్దుకున్నాయి. పదేళ్లు దాటిన డెస్క్‌టాప్‌లో ఏ ఓఎస్ వేసినా ముందు ఈ బ్యాటరీ మార్చేయండి.

గడియారం మాట వచ్చింది కాబట్టి, రెండు ఓఎస్‌లు ఉంచుకుంటే విండోస్‌లో టైము సరిగ్గా ఐదున్నర గంటలు వెనక చూపించొచ్చు. అది బ్యాటరీ కాదు. లినక్స్ మదర్‌బోర్డు గడియారంలో యూటీసీ (మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయం) పెడుతుంది, విండోస్ దాన్నే మన టైము అనుకుంటుంది. లినక్స్‌ని లోకల్ టైముకి మార్చే కమాండ్ ఒకటుంది, ఒక్కసారి కొడితే చాలు.

వైఫై విషయంలో నన్ను బాగా ఆడుకున్నది చవక యూఎస్‌బీ అడాప్టర్. గుచ్చితే సీడీ డ్రైవ్‌లా కనిపించేది, లోపల విండోస్ డ్రైవర్ ఫైలు ఉండేది. ఫైల్ మేనేజర్‌లో ఎజెక్ట్ కొడితే అది అప్పుడు వైఫైలా మారింది, ఎవరికి తడుతుంది ఇది? అలా కూడా కాకపోతే ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, నెట్ వచ్చేస్తుంది, దాంతో అప్‌డేట్లు చేసుకుంటే చాలాసార్లు అడాప్టర్ కూడా దారికొస్తుంది.

వాడకం సంగతికొస్తే, మింట్‌లో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ 4 జీబీలో హాయిగా నడుస్తుంది, బ్రౌజర్‌లో ట్యాబులు మరీ ఎక్కువ తెరిస్తేనే మొరాయిస్తుంది. మీసేవ, భూభారతి, పిల్లల పరీక్షల అప్లికేషన్లు, యూట్యూబ్, వేటికీ అడ్డు రాలేదు. తెలుగు టైపింగ్‌కి కీబోర్డ్ లేఅవుట్లలో ఇన్‌స్క్రిప్ట్ ఉంది, ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టేవాళ్లు ఐబస్ అనే టైపింగ్ టూల్‌లో ఎం17ఎన్ అనే భాషల ప్యాకేజీ వేసుకుని ఆర్‌టీఎస్ పద్ధతి ఎంచుకోవచ్చు. పెళ్లి కార్డులు కొట్టే డీటీపీ వాళ్లకి మాత్రం నేను చెప్పను, పేజ్‌మేకర్, అను ఫాంట్ల మీద నడిచే పని దీంట్లోకి రాదు, వాళ్లు విండోస్ ఉంచుకోవాల్సిందే.

ప్రింటర్ ఇప్పటికీ తీరని బాధ. మా పాత లేజర్ ప్రింటర్‌కి దీంట్లో సరైన డ్రైవర్ లేదు, పీడీఎఫ్ ఫోన్‌కి పంపుకుని గడియారం స్తంభం దగ్గర జిరాక్స్ షాపులో తీయించుకుంటున్నా. కొత్తది కొనేవాళ్లు లినక్స్‌లో పనిచేస్తుందా అని ముందే చూసుకుని కొనండి.

మింట్ 21 నుంచి 22కి మారేటప్పుడు ముందు 21.3కి రావాలి, టైమ్‌షిఫ్ట్ (ఏదైనా తేడా వస్తే సిస్టమ్‌ని వెనక్కి తెచ్చే టూల్)లో స్నాప్‌షాట్ తీసుకోమని అదే అడుగుతుంది. నాకు ఫైళ్లేవీ పోలేదు, కాకపోతే నెట్ నిదానంగా ఉండి పూట పట్టింది. 22కి 2029 వరకు అప్‌డేట్లు ఉన్నాయి కాబట్టి ఈ మిషన్‌ని అప్పటిదాకా లాగించాలనే ఉంది, ఇంకో 4 జీబీ డీడీఆర్3 ర్యామ్ సెకండ్‌హ్యాండ్‌లో వెతుకుతున్నా, ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి.