ట్యూబ్ వేసిన పేషెంట్‌కి జీసీఎస్సా, ఫోర్ స్కోరా: ఏది మేలు?

ఐసీయూలో కొత్తగా చేరిన పిల్లలందరూ వరసబెట్టి అడిగేది ఇదే, "అక్కా, వెంటిలేటర్ మీదున్న పేషెంట్‌కి జీసీఎస్ రాయాలా, ఫోర్ స్కోర్ రాయాలా?" అని. రెండూ పేషెంట్ ఎంత స్పృహలో ఉన్నాడో అంకెల్లో చెప్పే కొలతలే, అంకె తగ్గిందంటే స్పృహ తగ్గినట్టు. జీసీఎస్ అంటే గ్లాస్గో కోమా స్కేల్, అందులో చూసేది మూడు: కళ్ళు తెరవడం (ఐ ఓపెనింగ్), మాట (వెర్బల్), కదలిక (మోటార్). జీసీఎస్ వేయడం అందరికీ వచ్చు కాబట్టి దాని జోలికి పోను, ఏది ఎప్పుడు పనికొస్తుందో నాకు తోచింది చెప్తా.

జీసీఎస్‌కి ఉన్న అసలు బలం ఏంటంటే అది తెలియనివాళ్ళు లేరు. 1974లో గ్లాస్గోలో పుట్టింది, ఇవాళ అంబులెన్స్‌లో వచ్చే ఈఎంటీ నుంచి న్యూరో సర్జన్ దాకా అందరూ అదే మాట్లాడతారు. అర్ధరాత్రి ఫోన్ చేసి "సార్, పది ఉండేది ఏడైంది" అంటే అవతల మనిషి లేచి కూర్చుంటాడు, అదే "ఫోర్ స్కోర్ తొమ్మిది" అంటే "జీసీఎస్ ఎంతో చెప్పమ్మా" అంటారు.

కానీ గొంతులో శ్వాస ట్యూబ్ పడగానే పేషెంట్ మాట్లాడలేడు, వెర్బల్ పోయినట్టే, అక్కడ టీ (ట్యూబ్ ఉందని గుర్తు) రాసి ఊరుకుంటాం (కొందరు 1 వేసి టోటల్‌లో కలిపేస్తారు, దయచేసి ఆ పని చేయకండి). హెడ్ ఇంజ్యురీ అయి కళ్ళు వాచిపోయుంటే ఐ ఓపెనింగ్ కూడా చూడలేం, ఇక మిగిలేది మోటార్ ఒక్కటే.

నా లెక్కలో తేల్చేది మాత్రం ఇది కాదు. కళ్ళు తెరవట్లేదు, నొక్కినా కదలట్లేదు, అంటే జీసీఎస్ అట్టడుగుకి వచ్చేసింది, ఇక దిగడానికి చోటు లేదు. ఆ తర్వాత ఒక ప్యూపిల్ (కంటిపాప) పెద్దదై లైట్‌కి రియాక్ట్ అవ్వడం మానేసినా, సక్షన్ (ట్యూబ్‌లోంచి కఫం లాగడం) పెడితే వచ్చే దగ్గు ఆగిపోయినా ఆ అంకె మాత్రం కదలదు. 2005లో మేయో క్లినిక్ నుంచి వచ్చిన ఫోర్ స్కోర్‌లో వెర్బలే లేదు, ఐ, మోటార్, బ్రెయిన్‌స్టెమ్ (మెదడు కాండం), రెస్పిరేషన్ (శ్వాస), ఒక్కోటి 0 నుంచి 4, మొత్తం 16. ఒక ప్యూపిల్ ఫిక్స్ అయితే బ్రెయిన్‌స్టెమ్ 4 నుంచి 3కి దిగుతుంది, ప్యూపిల్ రియాక్షన్, కార్నియల్ (నల్లగుడ్డుని తాకితే రెప్ప కొట్టడం), దగ్గు మూడూ పోతే సున్నా. జీసీఎస్‌లోంచి ప్యూపిల్‌కి మార్కులు తీసేసే జీసీఎస్-పీ కూడా 2018లో వచ్చిందిలెండి, అయినా దగ్గు సంగతి, శ్వాస సంగతి అందులో లేవు.

రెస్పిరేషన్ దగ్గరే ఎక్కువమంది తడబడతారు. సెట్ రేట్ (నిమిషానికి ఇన్ని శ్వాసలని మనం మెషిన్‌లో పెట్టింది) 14 ఉంటే టోటల్ రేట్ 18 చూపిస్తోందా? అంటే పేషెంట్ తనంతట తను కూడా తీసుకుంటున్నాడు, 1 వేయండి. రెండూ 14 అయితే సున్నా. ఐతే సర్క్యూట్‌లో నీళ్ళు నిలిచినా, ఎక్కడైనా లీక్ ఉన్నా వెంటిలేటర్ దానంతటదే ట్రిగ్గర్ అయి రేట్ ఎక్కువ చూపిస్తుంది, అందుకే ముందు ట్యూబింగ్‌లో నీళ్ళు తీసేసి, ఛాతీ మీద చూపు పెట్టి ఆ తర్వాత రాయండి.

రెండూ బోల్తాపడే కేసు ఒకటుంది, మన ఊళ్ళల్లో కొత్తేం కాదు, కట్లపాము కాటు. రెప్పలు వాలిపోతాయి, కండరాలన్నీ చచ్చుబడతాయి, ఒక్కోసారి ప్యూపిల్స్ కూడా రియాక్ట్ అవ్వవు, ఏ స్కోర్ వేసినా అడుగునే ఉంటుంది, కానీ మనిషికి లోపల పూర్తి తెలివి ఉండొచ్చు. రెప్ప పైకెత్తి పేరు పెట్టి పిలవండి, కాలివేలు కదపమనండి, మంచం పక్కన "ఇక లాభం లేదు" లాంటి మాటలు అనకండి, ఆయన వింటూ ఉండొచ్చు.

ఏవీపీయూ (మెలకువగా ఉన్నాడా, పిలిస్తే పలుకుతున్నాడా, నొప్పికి స్పందిస్తున్నాడా, దేనికీ లేదా అని చూసే చిన్న కొలత) వార్డుకి చాలు, ఐసీయూకి సరిపోదు. రాస్ అనే స్కేలేమో సెడేషన్ (మత్తుమందు) ఎంత లోతుందో చూసుకోడానికి, అది వేరే పని. మజిల్ రిలాక్సెంట్ (కండరాలు కదలకుండా చేసే మందు) నడుస్తుంటే ఏదీ వేయొద్దు, ప్యూపిల్స్ చూసి రాసుకోండి.

నేనైతే ట్యూబ్ ఉన్నన్నాళ్ళు ఫోర్ స్కోర్ వేస్తా, హ్యాండోవర్‌లోనూ ఫోన్‌లోనూ జీసీఎస్‌తో పాటు ప్యూపిల్స్ చెప్తా. ఎక్స్‌ట్యూబేట్ అయ్యాక (ట్యూబ్ తీసేశాక) మాత్రం జీసీఎస్‌కి వచ్చేయాలి, మాట్లాడే పేషెంట్ తికమకగా మాట్లాడుతున్నాడా లేదా అన్నది ఫోర్ స్కోర్‌లో ఎక్కడా కనపడదు.