4060నా, 12 జీబీ 3060నా, 7600నా: పర్లాకిమిడి వైపు పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లకి ఏ గ్రాఫిక్స్ కార్డు మేలు?

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు కొత్త సిస్టమ్ కట్టించుకునే తెలుగు స్టూడియోవాళ్లు ముందు అడిగేది ఇదే: గ్రాఫిక్స్ కార్డుగా ఎన్విడియా ఆర్టీఎక్స్ 4060 తీసుకోవాలా, అదే కంపెనీ 12 జీబీ 3060 తీసుకోవాలా, లేక కాస్త తక్కువలో దొరికితే ఏఎండీ ఆర్ఎక్స్ 7600కి వెళ్లిపోవాలా?

గేమ్‌ల వరకే అయితే జవాబు తేలిక. 1080పీలో 4060, 3060 కంటే సుమారు 20 శాతం ముందుంటుంది. 7600 దాదాపు 4060 పక్కనే ఉంటుంది కానీ రే ట్రేసింగ్ (వెలుగునీడలు నిజంగా ఉన్నట్టు చూపించే సెట్టింగ్) ఆన్ చేస్తే బాగా వెనకబడుతుంది. ఆ జోలికి పోనివాళ్లు కళ్లు మూసుకుని 7600 కొనుక్కోవచ్చు. ఎడిటింగ్‌కి మాత్రం నేను దాన్ని చెప్పను, ఎందుకంటే మనవాళ్లు వాడే ప్లగిన్లలో కొన్ని ఎన్విడియా కార్డుల్లోనే ఉండే క్యూడా అనే సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తాయి.

ఇక మిగిలినవి రెండు. ఇక్కడ వేగం కంటే ముందు కరెంటు సంగతి చూడాలి. చాలామంది దగ్గరుండేది 600 వీఏ యూపీఎస్, అది మామూలుగా ఇచ్చేది 360 వాట్లే. 4060 గరిష్ఠంగా 115 వాట్లు లాగితే 3060 ఏకంగా 170 లాగుతుంది. ఎక్స్‌పోర్ట్ నడుస్తున్నప్పుడు ప్రాసెసర్ కూడా వంద దాటుతుంది, దానికి మానిటరు, హార్డ్ డిస్కులు కలిస్తే 3060 ఉన్న సిస్టమ్ అంచుకి వచ్చేస్తుంది, సరిగ్గా అప్పుడే కరెంటు పోయిందా, యూపీఎస్ ఒకటే కూత పెట్టి ఆగిపోతుంది, తొంభై శాతం అయిన ఎక్స్‌పోర్ట్ మళ్లీ మొదటికి. ఆ 55 వాట్ల తేడా మన ఊళ్లలో చిన్నదేం కాదు. 3060 కొనేవాళ్లు వెయ్యి వీఏ యూపీఎస్ ఖర్చు కూడా కలుపుకుని లెక్క వేసుకోండి.

అయినా సరే, కొందరికి నేను 3060యే చెబుతాను. రాత్రి మండపంలో లైట్లు తక్కువగా ఉండగా తీసిన 4కే క్లిప్పుల మీద రిజాల్వ్ స్టూడియో అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ రిడక్షన్ పెట్టి, పైన రెండు మూడు ఎఫెక్టులు వేస్తే 4060 లాంటి 8 జీబీ కార్డు మీద జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) మెమరీ నిండిపోయిందని మెసేజ్ వచ్చి టైమ్‌లైన్ ఆగిపోతుంది, అక్కడ చిప్ ఎంత కొత్తదైనా లాభం లేదు. 12 జీబీ ఉంటే ఆ పని సాగుతుంది. బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో పెద్ద సీన్లు చేసేవాళ్లకీ ఇదే మాట. పైగా 3060కి మెమరీ బస్ (చిప్‌కీ మెమరీకీ మధ్య దారి వెడల్పు) 192 బిట్, 4060కి 128 బిట్టే. ఇంకోటి, 4060 పీసీఐఈ లైన్లు (కార్డుకీ బోర్డుకీ మధ్య డేటా దారులు) ఎనిమిదే వాడుతుంది, అందుకని మీది ఎనిమిదో తరం ఐ5 నడిచే పాత బోర్డు అయితే, అందులో ఆ లైన్ల వేగం తక్కువ కాబట్టి, మెమరీ నిండినప్పుడు అది ఇంకా కష్టపడుతుంది. 3060 పదహారూ వాడుకుంటుంది.

1080పీలోనే డెలివరీ ఇచ్చేవాళ్లకి, కొత్త బోర్డు ఉన్నవాళ్లకి 4060 చాలు. యూట్యూబ్‌కి ఏవీ1 అనే కొత్త వీడియో ఫార్మాట్‌లో ఎన్‌కోడ్ చేసుకోవచ్చు, అది 3060 చేయలేదు.

ఏ కార్డు కొన్నా ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉన్నది మాత్రం తీసుకోకండి. కొత్త కెమెరాలు ఇచ్చే హెచ్.265 4:2:2 10 బిట్ (రంగుల వివరం ఎక్కువుండే ఫార్మాట్) ఫుటేజ్‌ని ఈ రెండు ఎన్విడియా కార్డులూ హార్డ్‌వేర్‌లో డీకోడ్ చేయలేవు. పదకొండో తరం నుంచి ఇంటెల్ ప్రాసెసర్లలో ఉండే గ్రాఫిక్స్ చేస్తుంది, ఎఫ్ మోడల్లో ఆ గ్రాఫిక్సే ఉండదు. ప్లేబ్యాక్ అడుగడుగునా ఆగుతోందని కార్డు మార్చేసినవాళ్లున్నారు, ఆ ఖర్చంతా దండగ.

విశాఖలో కొన్నా, బరంపురంలో కొన్నా, 3060 అయితే పెట్టె మీద 12 జీబీ అని ఉందో లేదో చూడండి. 2022లో అదే పేరుతో 8 జీబీ, 128 బిట్ రకం కూడా వచ్చింది. అది తగులుకుంటే 3060 తీసుకోవడానికి కారణమే ఉండదు. బిల్లు మీద కూడా 12 జీబీ అని రాయించుకోండి.